ఓడ దిగకపోతే డబ్బు దండగేనా?

కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్ళొచ్చామంటే ఎదుటివాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఏయే దీవులు చూశారు?" రెండు మూడు పేర్లు చెప్పి, ఫలానా చోట అసలు దిగలేదంటే వెంటనే మొహంలో జాలి కనిపిస్తుంది. "అయ్యో, అంత డబ్బు పోసి ఓడలోనే కూర్చున్నారా!" అంటారు. ఆ జాలి మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. మావారికి పక్షవాతం వచ్చి చాలావరకు తగ్గింది గానీ ఎడమ కాలు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చేతికర్రతో కాస్త దూరం నడుస్తారు, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సిందే. నాకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చదునుగా ఉన్నచోట నెట్టుకొస్తాను, మెట్లంటేనే హడలు, దిగేటప్పుడు మరీను. ఇద్దరిలో ఎవరమూ రోజంతా వీల్‌చెయిర్‌లో ఉండేవాళ్ళం కాదు. అలాగని ఒకరి వీల్‌చెయిర్‌ని ఇంకొకరు తోయగలిగేవాళ్ళమూ కాదు.

ఈ రెండో ముక్క దగ్గరే అసలు చిక్కంతా. నడవలేనివాళ్ళ ప్రయాణాల గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా, పక్కన ఒక గట్టి మనిషి ఉంటారన్న ధీమాతోనే ఇస్తారు. మీతో వచ్చేవారు ముందు దిగి చెయ్యందిస్తారు. మీతో వచ్చేవారు బ్యాటరీతో నడిచే కుర్చీబండిని, అంటే మొబిలిటీ స్కూటర్‌ని, మడిచి టాక్సీ డిక్కీలో పెడతారు. మీతో వచ్చేవారు బఫేలో ప్లేటు పట్టుకొస్తారు. మా ఇద్దరిలో ఆ "మీతో వచ్చేవారు" నేనే. నా మోకాళ్ళ సంగతి ఇప్పుడే చెప్పాను కదా.

నేననేదేమిటంటే, మాలాంటి జంటకి క్రూయిజ్ నిజంగానే మంచి ప్రయాణం. కానీ వారంలో నాలుగు దీవులు చుట్టి రావచ్చని ప్రకటనల్లో ఊరిస్తారు చూడండి, ఆ కారణానికి మాత్రం కాదు. ఓడ కోసం వెళ్ళాలి. దీవి కలిసొస్తే దిగాలి. ఈ వరస తిరగేసి వెళ్ళినవాళ్ళే ఒళ్ళు హూనం చేసుకుని తిరిగొస్తారు.

ఓడ కోసం అన్నాను కాబట్టి ఓడ సంగతే ముందు. "క్రూయిజ్ అయితే నడక ఉండదు, అన్నీ ఒకచోటే" అనేవాళ్ళు కొత్త ఓడ ఎక్కి చూసి ఉండరు. రాయల్ కరీబియన్ వాళ్ళ ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు 365 మీటర్లు. 2024 జనవరిలో మొదలైన ఆ ఓడే కాదు, అంతకు ముందు వచ్చిన ఒయాసిస్ తరగతి ఓడలూ 360 మీటర్ల పైచిలుకే. గది వెనక చివర, థియేటరు ముందు చివర ఉందనుకోండి. ఒకసారి వెళ్ళొస్తే అర కిలోమీటరు దాటుతుంది. మూడు పూటలా భోజనం, సాయంత్రం షో, మధ్యలో మరిచిపోయిన మాత్రల కోసం గదికి ఒక ట్రిప్పు, ఇవన్నీ కలుపుకుంటే ఊళ్ళో ఏ రోజూ నడవనంత నడక అవుతుంది. పెద్ద ఓడలో లిఫ్టులు ఎక్కువే, నిజమే. షో వదిలాక ఆ లిఫ్టుల ముందు జనం కూడా అంతే ఎక్కువ. చేతికర్ర పట్టుకున్న మనిషి తలుపు దాకా చేరేలోపు అది నిండిపోతుంది. 300 మీటర్ల లోపు పాత ఓడల్లో ఆర్భాటం తక్కువే గానీ మాకు అవే నయం.

గది ఎక్కడుందన్నది గదిలో ఏముందన్న దానికంటే ముఖ్యం. ఓడ మధ్యలో, లిఫ్టులకి దగ్గరగా, వీలైనంత కింది డెక్‌లో తీసుకోవాలి. ఊపు కూడా అక్కడే తక్కువ. స్టెబిలైజర్లు ఓడ పక్కలకి ఒరగకుండా చాలావరకు ఆపుతాయి గానీ ముందుకీ వెనక్కీ లేచిపడటాన్ని అంతగా ఆపలేవు, అది తెలిసేది ఓడ చివర్లలోనే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు కరీబియన్‌లో గాలులు బాగా వీస్తాయి. జూన్ ఒకటి నుంచి నవంబరు నెలాఖరు దాకా తుఫానుల కాలం. కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి ఊగే నేల సరదా. ఒక కాలు మాట విననివాళ్ళకి గదిలోంచి బాత్‌రూమ్‌కి వెళ్ళడమే పెద్ద పని.

బాత్‌రూమ్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. మామూలు క్యాబిన్‌లో బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఒక గట్టు ఉంటుంది, నీళ్ళు గదిలోకి రాకుండా. అర్ధరాత్రి నిద్రమత్తులో, ఊగే ఓడలో, ఈడ్చుకుంటూ వచ్చే కాలు తగలడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. నడవలేనివాళ్ళ కోసం కట్టిన యాక్సెసిబుల్ క్యాబిన్‌లో ఆ గట్టు ఉండదు. తలుపు వెడల్పు, గోడకి పట్టుకునే కడ్డీలు, షవర్ కింద మడిచి పెట్టుకునే పీట. అన్నీ బాగానే ఉంటాయి. అయితే గట్టు లేదంటే నీళ్ళని ఆపేదీ లేదన్నమాట. షవర్‌కీ మిగతా నేలకీ మధ్య ఉన్నది ఒక పల్చటి తెర. ఓడ కొంచెం అటు ఒరిగిందంటే నీళ్ళు తూము వైపు పోవడం మానేసి కమోడ్ కిందికీ, అక్కణ్ణించి గుమ్మం వైపుకీ బయల్దేరతాయి. తడి నేల మీద చేతికర్ర రబ్బరు మూతికి పట్టు దొరకదు. మావారు స్నానం చేస్తుంటే నేను గుమ్మంలో తువ్వాళ్ళు పరిచి కాపలా కూర్చునేదాన్ని. గది చూసే అబ్బాయికి ఒకసారి చెబితే మర్నాటి నుంచి అడక్కుండానే అదనంగా తువ్వాళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు.

ఈ యాక్సెసిబుల్ గదులు ఓడకి కొన్నే ఉంటాయి, తొందరగా అయిపోతాయి. విశాలంగా ఉంటాయని అవసరం లేనివాళ్ళు కూడా పట్టేస్తారన్న ఫిర్యాదు పాతదే. ఇప్పుడు కంపెనీలు అవసరం ఏమిటో రాసి ఫారం ఇమ్మంటున్నాయి. అందుకే బాగా ముందుగా బుక్ చేసుకోవాలి. చివరి నిమిషం డిస్కౌంట్లు మనకి కాదు.

ఇంకో సంగతి. స్కూటర్‌ని వరండాలో పెట్టనివ్వరు, మంటలొస్తే జనం పరిగెత్తే దారి అది. గదిలోనే పెట్టుకోవాలి, గదిలోనే ఛార్జింగ్. మామూలు క్యాబిన్ తలుపులోంచి చాలా స్కూటర్లు పట్టవు. కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తెస్తే ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. యాక్సెసిబుల్ గదిలో ఒక స్కూటర్ హాయిగా పడుతుంది. రెండు పెడితే మంచం మీద నుంచి దూకాలి. గది గీసినవాళ్ళ ఊహలో కూడా రెండోవారు గట్టి మనిషే అన్నమాట.

ఈ మాత్రం గదులైనా ఊరికే రాలేదు. అమెరికా రేవుల్లోంచి బయల్దేరే పెద్ద ఓడలు చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల జెండాల కింద నడుస్తాయి. వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన అమెరికా చట్టం తమకి వర్తించదని కంపెనీలు వాదించాయి. స్పెక్టర్ అనే ప్రయాణికుడూ ఇంకొందరూ నార్వీజియన్ క్రూయిజ్ లైన్ మీద వేసిన కేసులో, అమెరికా జలాల్లో ఉన్నంతసేపూ ఆ చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఓడ భద్రతకి ముప్పు తెచ్చే మార్పులు మాత్రం అక్కర్లేదంది. ఆ కేసులో ప్రయాణికుల ఆరోపణల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది: వైకల్యం ఉన్నవాళ్ళు తప్పనిసరిగా తోడు తెచ్చుకోవాలన్న షరతు. అందరినీ వదిలి వాళ్ళకే ఎందుకు ఆ షరతు అని వాళ్ళడిగారు. ఆ తోడు కూడా కుంటుతుంటే ఏమిటి అన్న ప్రశ్న నాది.

చట్టం ఓడ దాకా తీసుకెళ్ళింది, దీవి దాకా కాదు. ఇక్కడే టెండర్ అనే మాట నేర్చుకోవాలి. కొన్నిచోట్ల ఓడ ఆగడానికి రేవు ఉండదు. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరవేస్తారు. ఆ పడవే టెండర్. గ్రాండ్ కేమన్ దీవిలో అంతే. బెలీజ్ సిటీలో ఇంకా దూరం, పగడపు దిబ్బల వల్ల నీళ్ళు లోతు లేక ఓడ తీరానికి మైళ్ళ అవతలే ఆగిపోతుంది.

గ్రాండ్ కేమన్ దగ్గర ఆగిన పొద్దున నేను రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాను. నీటిమట్టానికి దగ్గరగా ఓడ పక్కన ఒక తలుపు తెరిచారు. టెండర్ వచ్చి ఆనుకుంది గానీ ఆనుకుని ఊరుకోలేదు. ఒక అల ఎత్తితే అడుగున్నర పైకి, అల తగ్గితే అంత కిందికి. ఇద్దరు నావికులు చెరో పక్క నిలబడి, వచ్చినవాళ్ళ ముంజేతులు పట్టుకుని, పడవ సమంగా వచ్చేదాకా ఆపి, "ఇప్పుడు" అనగానే అడుగు వేయించారు. ఆ ఒక్క అడుగు ఒక్క క్షణంలో పడాలి. మావారి ఎడమ కాలికి ఆ మాట చేరేసరికి పడవ మళ్ళీ కిందికి వెళ్ళిపోతుంది. పెద్ద స్కూటర్లని టెండర్‌లోకి ఎక్కించరు. మడత వీల్‌చెయిర్ అయినా మనిషి లేచి అడుగు వేయగలగాలి. సముద్రం మరీ లేస్తే కెప్టెన్ అసలు ఎవరినీ దింపడు. ఇవన్నీ టికెట్ కాగితాల్లో ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటాయి. దీవి ఫోటో మాత్రం మొదటి పేజీలోనే.

అలాగని కేమన్ వాళ్ళని తప్పుపట్టలేను. పెద్ద ఓడలకి రేవు కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. పగడపు దిబ్బలు పోతాయన్నది చాలామంది బెంగ. వాళ్ళ సముద్రం, వాళ్ళ ఇష్టం. మేం ఒక్క పూట దిగడానికని వాళ్ళ తీరం తవ్వమనే హక్కు మాకెక్కడిది? కానీ ఆ దీవిని మాలాంటివాళ్ళకి కూడా "చూసే ఊరు"గా లెక్కగట్టి అమ్మడం మాత్రం కంపెనీ తప్పే. బుక్ చేసేటప్పుడే ఏ రేవులో టెండరో అడిగి, దాన్ని సముద్రంలో ఉండే రోజు కిందే రాసుకోండి. అప్పుడు అక్కడ నిరాశపడటానికి ఏమీ ఉండదు.

రేవు ఉన్నచోట కూడా ఊరు ఊరుకీ తేడా. ప్యూర్టోరికోలో శాన్ హువాన్ పాతబస్తీ ఫోటోల్లో చూస్తే మనసాగదు. నీలి రంగు రాళ్ళు పరిచిన వీధులు, రంగురంగుల మేడలు. ఆ నీలి రాళ్ళు నున్నగా, వాన పడితే జారుతూ ఉంటాయి, పైగా ఊరంతా ఎగుడుదిగుడు. 1539లో మొదలుపెట్టిన ఎల్ మోరో కోట దాకా వెళ్ళాలంటే పెద్ద పచ్చిక మైదానం దాటాలి. మేం ఆ జోలికి పోలేదు. కోటగోడ కింద పాసియో ద లా ప్రిన్సెసా అనే చదునైన బాట ఉంది, ఒక పక్క గోడ, ఇంకో పక్క సముద్రం. అక్కడ బెంచీ నుంచి బెంచీకి నడిచాం. శాన్ హువాన్ చూశామనే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

సెయింట్ మార్టెన్‌లో ఫిలిప్స్‌బర్గ్ మాకు బాగా కుదిరింది. రేవు నుంచి ఊళ్ళోకి చిన్న పడవలు తిరుగుతాయి, మళ్ళీ పడవ గొడవ ఎందుకని టాక్సీ ఎక్కాం. తీరం పొడుగునా చదునైన బాట, పక్కనే కుర్చీలు. సెయింట్ థామస్‌లో టాక్సీల తోనే చిక్కు. అక్కడ చాలావరకు ట్రక్కు మీద బెంచీలు బిగించిన బండ్లే, ఎక్కడానికి మెట్టు నా మోకాలి ఎత్తుంది. వ్యాన్ కావాలని గట్టిగా అడగాలి. మొహమాటపడితే అంతే సంగతులు. మెక్సికో దీవి కోజుమెల్‌లో తీరం చదునే, కానీ అక్కడ దిగి తులుం అనే చోట ఉన్న మాయా నాగరికత శిథిలాలు చూద్దామనుకుంటే ఇంకో ఫెర్రీ, ఆపైన బస్సు. మా లాంటివాళ్ళు ఆ పేజీ తిప్పేయడం మంచిది.

విల్లెమ్‌స్టాడ్ గురించి మాత్రం మావారు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. కురసావ్ రాజధాని. రేవు మధ్యలో పడవల మీద తేలే వంతెన ఉంది, 1888 నాటిది, రాణి ఎమ్మా పేరు పెట్టారు. ఓడ వస్తే వంతెన మొత్తం ఒక పక్కకి తలుపులా తెరుచుకుంటుంది. ఆయన అద్దె స్కూటర్ మీద వంతెన మొదట్లో ఆగిపోయారు. నేను బెంచీ మీద కూలబడ్డాను. ఎదురుగా పసుపు, గులాబి, నీలం రంగుల డచ్చి మేడల వరస. వంతెన తెరుచుకోవడం, ఓడ దాటడం, మళ్ళీ మూసుకోవడం, ఇదంతా అవతలి ఒడ్డుకి వెళ్ళకుండానే చూశాం. టూర్ బస్సులో వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుని పరుగెత్తారు. తొందర లేనివాళ్ళకి దొరికేది ఒకటుంది అక్కడ.

ఇక దిగని రోజులు. ఓడ రేవులో ఆగాక పది గంటలకల్లా జనమంతా ఖాళీ. లిఫ్ట్ పిలిస్తే ఖాళీగా వస్తుంది. బఫేలో ప్లేటు పట్టుకుని తూలుకుంటూ నడవాల్సిన పని లేదు, ఎవరో ఒక సర్వర్ వచ్చి తనే టేబుల్ దాకా తెచ్చిపెడతారు. పూల్‌లోకి దింపే లిఫ్ట్ కుర్చీ ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. జనం ఉన్నప్పుడు అందరూ చూస్తారని ఆయన దాని జోలికి పోయేవారు కాదేమో. ఎవరూ లేని ఆ పొద్దున అందులో కూర్చుని నీళ్ళలోకి దిగారు. నీళ్ళలో ఆయన ఎడమ కాలు కుడి కాలితో పాటే కదిలింది. ఫిజియోథెరపీ గదిలో గంటలకొద్దీ చేయించినా రాని కదలిక అది. ఆ సమయానికి దిగినవాళ్ళంతా ఎండలో టూర్ బస్సు కోసం క్యూలో ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, ఎవరి డబ్బు దండగ?

దీవి చూడకపోవడం నష్టం కాదని నేననను. నష్టమే. గ్రాండ్ కేమన్‌లో స్టింగ్‌రే చేపల మధ్య నిలబడాలని నాకూ ఉండేది. కానీ నడవగలిగే దూరం రోజుకి ఇంతే అని ఉన్నప్పుడు, దాన్ని రేవు పొడుగునా ఎండలో ఖర్చుపెట్టాలా, సాయంత్రం ఇద్దరం కలిసి డెక్ మీద తిరగడానికి దాచుకోవాలా అన్నది మేం తేల్చుకోవాల్సిన విషయం. ఇంట్లో ఉన్నా ఆ లెక్క తప్పదు. కాకపోతే ఇంట్లో ఆ నడక వంటింటికీ పోస్ట్‌బాక్సుకీ పోతుంది.

ఒక్కోసారి ఒకరు దిగి, ఒకరు ఉండిపోవడం కూడా నేర్చుకోవాలి. కోజుమెల్‌లో నేను ఒక్కదాన్నే దిగి దుకాణాలు చూసొచ్చాను. "మొగుణ్ణి ఓడలో వదిలేసి షాపింగా?" అని ఫోన్లో మా ఆడపడుచు ఎగతాళి. వదిలేయడమేమిటి? ఆయన ఐస్‌క్రీమ్ ముందు కూర్చుని క్రికెట్ స్కోరు చూసుకుంటూ హాయిగా ఉన్నారు. ఇద్దరిలో తక్కువ నడవగలిగేవారి హద్దే ఇద్దరికీ హద్దు కావాలన్న రూలు ఎక్కడుంది? ఆ రూలు పెట్టుకున్న జంటల్లో ఒకరు కుములుతూ, ఇంకొకరు అపరాధ భావంతో తిరుగుతారు. మా ఇద్దరికీ ఆ రెండూ వద్దు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అడగరు. ప్రమాదం వస్తే లిఫ్టులు పనిచేయవు. ఎక్కిన రోజే మన మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదంలో అందరం చేరాల్సిన చోటు, ఏదో, మెట్ల మీద మోసుకెళ్ళే కుర్చీ ఎవరు తెస్తారో అడిగి తెలుసుకోవాలి. ఇంతకు ముందు ప్రమాదానికి ముందే చేయించే డ్రిల్ అంటే ఎండలో, గుంపులో, అరగంట నిలబడటం. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్లో వీడియో చూసి, స్టేషన్‌కి వెళ్ళి పేరు నమోదు చేయించుకుంటే సరిపోతుంది. కరోనా చేసిన బహు కొద్ది మేళ్ళలో ఇదొకటి. ఇంకొకటి వైద్యం. పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా, మెడికేర్, సాధారణంగా దేశం బయట చెల్లదు. ఓడ మీద కూడా, అమెరికా రేవుకి ఆరు గంటల దూరం దాటాక చెల్లదు. దీవి నుంచి విమానంలో తరలించాల్సి వస్తే ఖర్చు పదుల వేల డాలర్లు. ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్ లేకుండా మాలాంటివాళ్ళు రేవు దాటకూడదు. దాని దగ్గర పొదుపు చేసి బాల్కనీ గది తీసుకునేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

పిల్లలకి ఒక మాట. అమ్మానాన్నలకి క్రూయిజ్ బుక్ చేసిపెట్టేటప్పుడు ఎక్కువ దీవులున్నదే ఎంచకండి. సముద్రంలో ఉండే రోజులు ఎక్కువున్నది, టెండర్ రేవులు తక్కువున్నది, లిఫ్ట్ పక్కన గది దొరికేది చూడండి. ఆ తర్వాత రోజూ ఫోన్ చేసి "ఇవాళ ఎక్కడ తిరిగారు?" అని అడక్కండి.

మళ్ళీ వెళ్ళాలని మా ఇద్దరికీ ఉంది, ఎక్కడికన్న దగ్గరే పేచీ. మావారికి విల్లెమ్‌స్టాడ్ కావాలి, ఈసారి ఆ తేలే వంతెన దాటి అవతలికి వెళ్ళాలట. అంత దూరం ఆయన స్కూటర్ వెనక నడవడం నా వల్ల కాదు, నాకూ ఒకటి ఉండాల్సిందే. గదిలో పట్టేది ఒకటే. రెండు గదులు తీసుకుందామంటే ఆయన నవ్వుతారు, నేను మాత్రం ధర కనుక్కున్నాను.